ఏ కిరస్తానం? ‘సీతాకోకచిలుక’ సినిమా, ఇళయరాజా సంగీతం, కోనసీమ పేటలు

ప్రేమకి కులం లేదని చెప్పే సినిమాలు తెలుగులో బోలెడు వచ్చాయి. ప్రేమకి మతం లేదని చెప్పేవీ వచ్చాయి. రెండు మాటలూ ఒకటే అనుకుని హాల్లో చప్పట్లు కొట్టేవాళ్ళు ఎక్కువ. ఆ రెండూ ఒకటి కాదని కోనసీమ పేటల్లో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆ తేడా మన చేతనే మర్చిపోయేలా చేసిన సినిమా ఒకటుంది. దాని పాటలు అంత గొప్పవి కాబట్టే మర్చిపోయాం. ఆ సినిమా గురించీ, దాని సంగీతం గురించీ ఇక్కడ కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

1981లో భారతీరాజా తమిళంలో ‘అలైగళ్ ఓయ్‌వదిల్లై’ తీశారు. అలలు ఆగవు అని ఆ పేరుకి అర్థం. కథ మణివణ్ణన్‌ది. కార్తీక్, రాధ ఆ సినిమాతోనే తెర మీదకొచ్చారు. అదే ఏడాది, అదే దర్శకుడు, అదే కార్తీక్‌తో తెలుగులో ‘సీతాకోకచిలుక’గా తీశారు. తెలుగులో అమ్మాయి వేషం ముచ్చర్ల అరుణది. మాటలు జంధ్యాల, పాటలు వేటూరి. రెండు భాషల్లోనూ సంగీతం ఇళయరాజా. ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి జాతీయ అవార్డు వచ్చింది. తర్వాత 1983లో ఇదే కథని హిందీలో ‘లవర్స్’ పేరుతో భారతీరాజాయే తీశారు. దానికి సంగీతం ఆర్.డి. బర్మన్.

తెలుగు సినిమా నిర్మాత ఏడిద నాగేశ్వరరావు. ఆయన పుట్టింది మన కొత్తపేటలో, 1934లో. నాటకాల పిచ్చితో మొదలై మద్రాసు చేరి, పూర్ణోదయా సంస్థ పెట్టి సినిమాలు తీసిన మనిషి. 2015లో పోయారు. అంటే ఈ తమిళ ప్రేమకథని తెలుగులోకి తెచ్చింది కోనసీమ మనిషే. ఈ సంగతి మా ప్రాంతంలో గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. నేను అడిగేది ఇంకొకటి. కోనసీమ నుంచి వెళ్ళిన సినిమాలోకి కోనసీమలో కళ్ళెదురుగా కనిపించే క్రైస్తవులు ఎందుకు రాలేదు?

కథ చాలామందికి తెలిసిందే, క్లుప్తంగా చెప్తాను. సముద్రం ఒడ్డున ఊరు. అబ్బాయి పేద బ్రాహ్మణ వితంతువు కొడుకు. అమ్మాయి క్రైస్తవురాలు. ఆమె అన్న డేవిడ్ డబ్బున్నవాడు, ఊళ్ళో అతను చెప్పిందే మాట. తెలుగులో ఆ వేషం శరత్‌బాబుది. అబ్బాయి తల్లి సంగీతం చెప్తుంది. అమ్మాయి ఆ ఇంటికి సంగీతం నేర్చుకోడానికి వెళ్తుంది. ప్రేమ అక్కడ మొదలవుతుంది. రెండువైపులా మతం అడ్డొస్తుంది. చివరికి అబ్బాయి జంధ్యం తెంచేస్తాడు, అమ్మాయి మెడలో సిలువ తీసేస్తుంది. ఇద్దరూ ఊరు విడిచి వెళ్ళిపోతారు.

ఈ ముగింపు తమిళనాడులో పలికినట్టు మన దగ్గర పలకదు. అక్కడ పెరియార్ ఉద్యమం జంధ్యం మీద, పురోహితుడి మీద దశాబ్దాల పాటు పోరాడింది. పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకి 1967లో అన్నాదురై ప్రభుత్వం చట్టబద్ధత ఇచ్చింది. ఆ నేల మీద ఒక బ్రాహ్మణ కుర్రాడు జంధ్యం తెంచితే హాల్లో జనానికి ఒక చరిత్ర గుర్తొస్తుంది. మనకి కుసుమ ధర్మన్న ఉన్నాడు, బోయి భీమన్న ఉన్నాడు. భీమన్నది మా మామిడికుదురే. ఆయన ‘పాలేరు’ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపినవాళ్ళ గురించి మా పేటల్లో ముసలివాళ్ళు ఇంకా చెప్తారు. కానీ ఆ చూపు తెలుగు సినిమా దాకా పోలేదు. అందుకని తెలుగులో ఆ జంధ్యం తెంచడం ప్రేమ కోసం ఒక కుర్రాడు చేసిన త్యాగంగా మాత్రమే మిగిలింది.

నా అభ్యంతరం జంధ్యం గురించి కాదు, సిలువ గురించి. ఆ దృశ్యంలో జంధ్యం, సిలువ తక్కెడలో రెండువైపులా పెట్టిన సమానమైన బరువుల్లా ఉంటాయి. నువ్వు నీది తీసెయ్, నేను నాది తీసేస్తాను, ఇద్దరం మనుషులమవుతాం. కానీ జంధ్యం అనేది కులం గుర్తు. పుట్టుకతో వచ్చిన హక్కుకి అది రుజువు. మన పేటల్లో సిలువ ఏమిటి? కులం పెట్టిన బాధ నుంచి తప్పుకుందామని మన ముత్తాతలు పట్టుకున్న ఆసరా. అది తీసేస్తే పోయేది ఆ ఆసరాయే. కులం ఎక్కడికీ పోదు. జంధ్యం తెంచిన కుర్రాణ్ణి రేపు ఊళ్ళో ‘అయ్యోరి అబ్బాయి’ అనే అంటారు. సిలువ తీసిన పిల్లని ‘మాలపిల్ల’ అనే అంటారు. ఈ లెక్క సినిమాకి తెలీదు. ఎందుకంటే ఆ అమ్మాయికి సినిమాలో కులమే లేదు. డబ్బుంది, అన్న ఉన్నాడు, చర్చి ఉంది. కులం ఒక్కటి లేదు.

కులం లేని క్రైస్తవులు ఎక్కడుంటారు? తమిళ సినిమా తీసింది కన్యాకుమారి జిల్లా ముట్టంలో. అక్కడి తీరంలో క్యాథలిక్కులంటే ఎక్కువమంది ముక్కువర్లు, చేపలు పట్టేవాళ్ళు. అదే జిల్లాలో నాడార్ క్రైస్తవులున్నారు. వాళ్ళకీ కులాలున్నాయి. మన దగ్గర గుంటూరు వైపు ఫిరంగిపురం లాంటి చోట్ల కమ్మ, రెడ్డి క్యాథలిక్కులున్నారు. వాళ్ళు మతం మారినా కులం వదల్లేదు, కులం కూడా వాళ్ళని వదల్లేదు. డేవిడ్ లాంటి క్రైస్తవుడు ఉండకూడదని నేననను. ఉంటే అతనికి ఒక కులం ఉంటుంది, అది చెప్పమంటాను.

ఇక గోదావరి డెల్టా. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ నిలబెట్టారు. నరసాపురం రేవు దాటితే ఇవతల ఒడ్డు సఖినేటిపల్లి, అంటే కోనసీమే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టే రోజుల్లో మట్టిపనికొచ్చిన కూలీల మధ్య కూడా ఈ మిషన్ పనిచేసింది. ఆ మాట విన్నవాళ్ళలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. అందుకే మా వైపు ‘కిరస్తానోళ్ళు’ అన్నారంటే పేటవాళ్ళు అని అర్థం. ఆ మాట కులం పేరుకి మర్యాదగా వేసిన ముసుగు. ఎదుటివాడికి ఆ ముసుగు కూడా చాలకపోతే, ‘కిరస్తానం అంటే, ఏ కిరస్తానం?’ అని అడుగుతాడు. ఈ ప్రశ్న డేవిడ్‌ని సినిమాలో ఎవరూ అడగరు.

చట్టమైనా ఈ ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పిందా అంటే, అదీ లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింలని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాలవాళ్ళని బీసీ-సి కింద పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మతం మారినవాళ్ళు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో చెప్పింది. తిట్టేవాడు బైబిలు చూసి తిట్టడు, పుట్టిన పేట చూసి తిడతాడు. కోర్టుకి వెళ్తే మాత్రం ముందు బైబిలు సంగతి తేల్చమంటారు. ఈ ఇరుకులో నుంచి పుట్టిందే మా ఇళ్ళల్లో రెండు పేర్ల పద్ధతి. బడి రికార్డులో ఒక పేరు, చర్చి రిజిస్టరులో ఇంకో పేరు. నాకూ రెండున్నాయి. యూనివర్సిటీ మెట్లెక్కింది బడి పేరు.

ఇప్పుడు సంగీతం దగ్గరికొస్తాను. నా వాదన అంతా ఇక్కడే ఉంది.

ఇళయరాజా 1943లో తమిళనాడులోని పణ్ణైపురంలో దళిత కుటుంబంలో పుట్టారు. అన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు పార్టీ సభల్లో పాటలు కట్టి పాడేవాడు. తమ్ముడు చిన్నతనంలోనే ఆ బృందంలో చేరి, ఊరూరా తిరిగి హార్మోనియం వాయించాడు. మద్రాసు వచ్చాక ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నాడు. మొదటి సినిమా 1976లో ‘అన్నక్కిళి’. ‘అలైగళ్ ఓయ్‌వదిల్లై’ తీసిన నిర్మాణ సంస్థ పేరు పావలర్ క్రియేషన్స్, నిర్మాత ఇళయరాజా సోదరుడు ఆర్.డి. భాస్కర్. సినిమా మొదలయ్యేటప్పుడు తెర మీద పడే ఆ పేరు పల్లెల్లో ఎర్రజెండా కింద పాడిన దళితుడిది. ఈ సంగతి తెలిసి ఆ సినిమా చూస్తే ఇంకోలా కనిపిస్తుంది.

ఇప్పుడు కథలో సంగీతం ఎక్కడుందో చూడండి. బ్రాహ్మణ వితంతువు ఇంట్లో ఉంది. క్రైస్తవుల అమ్మాయి దాన్ని నేర్చుకోడానికి ఆ గుమ్మం ఎక్కాలి. కథ ప్రకారం సంగీతం అగ్రహారంలో పుట్టి బయటికి ప్రవహిస్తుంది. తెర వెనక జరిగింది దీనికి సరిగ్గా తిరకాసు. ఆ తల్లి పాడే స్వరం, పిల్ల నేర్చుకునే స్వరం, వాటి వెనక వయొలిన్లు, ఫ్లూటు, అన్నిటినీ రాసి చేతికిచ్చినవాడు పణ్ణైపురం దళితవాడ నుంచి వచ్చాడు. దీన్ని అంతకు ముందు ఏడాది ఇదే పూర్ణోదయా తీసిన ‘శంకరాభరణం’ పక్కన పెట్టి చూడాలి. 1980లో శాస్త్రీయ సంగీతాన్ని కాపాడుకోవాలని శంకరశాస్త్రి చేత చెప్పించిన సంస్థే, 1981లో ఆ శాస్త్రం చెప్పే కుటుంబాల్లో పుట్టనివాడి చేతికి సంగీతం అప్పజెప్పింది. 1983లో అదే సంస్థ ‘సాగర సంగమం’కి ఇళయరాజాకి మొదటి జాతీయ అవార్డు వచ్చింది. ఏడిద గారు ఇదంతా కులం చూసి చేశారని నేననడం లేదు. మంచి పాట కావాలనుకున్నారు, ఎవడి దగ్గరుందో అక్కడికెళ్ళారు. పని ముందు కులం నిలబడనప్పుడు ఇలాగే జరుగుతుంది.

సంగీతం అగ్రహారం అరుగు మీదే దొరుకుతుందన్న మాట కోనసీమ లెక్కలోనూ తప్పే. మా పేటలో ఒక పిల్ల సంగీతం నేర్చుకోవాలనుకుంటే అగ్రహారం వైపు వెళ్ళదు. వెళ్ళినా అరుగెక్కనిచ్చే రోజులు కావవి. చర్చికి వెళ్తుంది. అక్కడ హార్మోనియం ఉంటుంది, క్వయరు ఉంటుంది, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటుంది. ఆ పుస్తకంలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు 19వ శతాబ్దంలోనే కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలున్నాయి. పైన రాగం పేరు, తాళం పేరు అచ్చేసి ఉంటాయి. గురువు ముందు కూచునే హక్కు లేనివాడికి రాగం అలా అచ్చు పుస్తకంలో చేరింది. ఇంగ్లీషు వరసలూ అక్కడే చేరాయి. ఒకే పాటని నాలుగు గొంతులు నాలుగు వరసల్లో పాడటం మా మామ్మ కాలానికే మామూలు. అందుకే అనుకుంటాను, ఇళయరాజా పాటలో కింద ఒక వరస, పైన ఒక వరస ఒకేసారి నడుస్తుంటే మా పేట చెవికి కొత్తగా అనిపించలేదు.

రెండో దారి బ్యాండు మేళం. మా నాన్న క్లారినెట్ వాయించేవాడు. తాత డప్పు కొట్టాడు. చావుకీ, జాతరకీ, ఊరి చాటింపుకీ పిలిస్తే వెళ్ళాలి, గింజలు పెడితే తీసుకోవాలి. నాన్న తరం ఆ డప్పు దించి యూనిఫారం వేసుకుంది. బేరం ముందే మాట్లాడుకుని డబ్బులు తీసుకుంది. వాయించేది అవే కులాల చేతులు. కానీ వెట్టికీ కూలికీ ఉన్న తేడా చిన్నది కాదు. 1990ల్లో దండోరా ఉద్యమం డప్పుని ఆత్మగౌరవ చిహ్నంగా తిరిగి ఎత్తుకుంది. ఆ ఎత్తుకోడానికి ముందు దించిన తరం ఒకటుందని మన పరిశోధనల్లో తక్కువగా వస్తుంది.

ఆ బ్యాండువాళ్ళకి ‘సీతాకోకచిలుక’ అన్నం పెట్టింది. ‘మాటే మంత్రము’ అడగని పెళ్ళి ఉండేది కాదట. ఆ పాట పురోహితుడి పెళ్ళి ఆశీర్వచన మంత్రంతో మొదలవుతుంది. తర్వాత బాలసుబ్రహ్మణ్యం, శైలజ గొంతులు అందుకుంటాయి. కావాలంటే క్లారినెట్ మీద ఆ మంత్రం వాయించొచ్చు, కష్టమేం కాదు. మా నాన్న మాత్రం వాయించేవాడు కాదు. తిన్నగా పల్లవి ఎత్తుకునేవాడు. ఎందుకు నాన్నా అని నేనడిగాను.

“మంత్రం వాళ్ళదిరా. పాట మనది,” అన్నాడు.

“పాట కూడా మనోడే కట్టాడు, నీకు తెలుసా?” అన్నాను. అప్పటికి నేను ఎం.ఏ. చదువుతున్నాను, చెప్పాలన్న ఉబలాటం.

“మనోడని నువ్వు చదువుకుని చెప్తున్నావు. నాకు వాయిస్తుంటేనే తెలిసింది,” అన్నాడు. నాన్న ఏ ఉద్దేశంతో అన్నాడో గానీ, ఆ మాటకి సిద్ధాంతం తొడిగి పాడు చేయడం నాకిష్టం లేదు. వేదం వినకూడదన్న కులాలవాడు ఆ మంత్రానికి ముందూ వెనకా సంగీతం కట్టాడు. వినకూడదన్న కులాలవాడే దాన్ని వద్దని వదిలేసి మిగతా పాట వాయించాడు. రెండూ జరిగాయి.

ఇళయరాజాని మనం దళిత ఉద్యమకారుడిగా చేసుకోనక్కర్లేదు. ఆయన ఉద్యమ వేదికల మీద నిలబడ్డ మనిషి కాదు. 2022లో ఒక పుస్తకానికి రాసిన ముందుమాటలో అంబేడ్కర్‌ని ప్రధాని మోదీతో పోల్చినప్పుడు తమిళనాట దళిత మేధావులు గట్టిగానే నిలదీశారు. అదే ఏడాది జూలైలో ఆయన్ని రాజ్యసభకి నామినేట్ చేశారు. మనిషి రాజకీయం వేరు, ఆ చేతులు తెరిచిన దారి వేరు. రెంటినీ కలిపి పూజించడమూ, కలిపి పారేయడమూ రెండూ తేలికే. నేను ఆ పని చేయను.

సినిమా వచ్చిన నాలుగేళ్ళకి, 1985 జూలైలో కారంచేడు జరిగింది. 1991 ఆగస్టులో చుండూరు. అక్కడి మృతుల్లోనూ, బాధితుల్లోనూ చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు. గొడ్డలి ఎత్తినవాడు మెడలో ఏముందని చూడలేదు. ప్రేమ సంగతికే వస్తే, 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి ముందు భార్య కళ్ళెదుటే హత్యకి గురైన కుర్రాడు దళిత క్రైస్తవుడు. అమ్మాయి తండ్రి కిరాయి ఇచ్చి చేయించాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకడికి ఉరి, మిగతావాళ్ళకి యావజ్జీవం వేసింది. ఆ కుర్రాడు మెడలో సిలువ తీసేసి ఉంటే బతికేవాడని ఎవరైనా అనగలరా?

కులాంతర వివాహమే కులానికి అసలైన మందు అని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో చెప్పాడు. అక్కడే ఆగలేదు. జనం అలా కలవకపోవడానికి కారణం వాళ్ళు నమ్మే శాస్త్రాలనీ, ముందు ఆ నమ్మకాన్ని కొట్టాలనీ కూడా చెప్పాడు. మన సినిమాలు మందు పేరు చెప్పి ఊరుకున్నాయి, రోగం పేరు చెప్పలేదు. చెప్పడానికి నలభై ఏళ్ళు పట్టింది. 2021లో వచ్చిన ‘లవ్ స్టోరీ’లో శేఖర్ కమ్ముల హీరోని దళిత క్రైస్తవుడిగానే చూపించారు. అదే ఏడాది కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో నడిచే ‘ఉప్పెన’ వచ్చింది. హీరో బెస్తకుర్రాడు, పేరు ఆశీర్వాదం. ప్రేమించినందుకు అమ్మాయి తండ్రి అతని శరీరం మీదే దెబ్బ కొట్టిస్తాడు. ‘సీతాకోకచిలుక’కి వచ్చిన ఉత్తమ తెలుగు చిత్రం జాతీయ అవార్డే ‘ఉప్పెన’కీ వచ్చింది. మళ్ళీ సముద్రం ఒడ్డే, మళ్ళీ క్రైస్తవ పేరే. ఈసారి డబ్బున్న డేవిడ్ అన్న లేడు.

కోనసీమలో పేరు ఎంత పని చేస్తుందో 2022 మే 24న అమలాపురంలో చూశాం. జిల్లా పేరు ముందు అంబేడ్కర్ పేరు చేర్చవద్దంటూ వచ్చిన గుంపు మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టింది. ఆ రోజుల్లో ఇంటర్నెట్ లేక, మా వాళ్ళు ఎలా ఉన్నారో తెలీక నేను హాస్టల్లో కూచుని ఫోన్ పట్టుకునే ఉన్నాను. ఆగస్టులో ఆ పేరే ఖాయమైంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట మూడూ ఇవాళ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలోనివే. ఏడిద గారి కొత్తపేట అడ్రసులోనూ ఆ పేరుంది.

డిగ్రీలో నాతో చదివిన స్నేహితుడొకడు ఇలాగే ప్రేమించాడు. అమ్మాయిది ఊరివైపు కులం. పెళ్ళి మాటలకి వీళ్ళ పెదనాన్న, చర్చి పెద్ద ఒకాయన వెళ్ళారు. అమ్మాయి మేనమామ కుర్చీలు వేయించాడు, మర్యాదగానే మాట్లాడాడు.

“మీరు క్రైస్తవులని చెప్పింది మా అమ్మాయి. మాకు మతం పట్టింపు లేదండీ. మేమూ వేళాంకణి మాత దగ్గరికి వెళ్ళొచ్చాం,” అన్నాడు. కాసేపాగి, “కిరస్తానం అంటే, ఏ కిరస్తానం అండీ?” అని అడిగాడు.

పెదనాన్న చెప్పాడు. ఆ తర్వాత కాఫీలు రాలేదు.

వాళ్ళిద్దరూ రిజిస్టరు పెళ్ళి చేసుకుని కాకినాడ వెళ్ళిపోయారు. ఇప్పుడు పాపకి ఐదేళ్ళు. పోయిన వేసవిలో వాళ్ళింటికి వెళ్తే బడిలో ఇచ్చిన ఫారం తీసి చూపించాడు. పేరు, పుట్టిన తేదీ, తల్లి, తండ్రి అన్నీ నింపి ఉన్నాయి. మతం, కులం అన్న రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. “ఎస్సీ అని రాస్తే చర్చికి వెళ్ళడం తప్పంటారు, క్రైస్తవం అని రాస్తే ఎస్సీ కాదంటారు. నువ్వు పరిశోధన చేస్తున్నావుగా, ఏం రాయమంటావు?” అన్నాడు. నేను ఏదో చెప్పాను గానీ వాడికి నచ్చలేదు. ఫారం మళ్ళీ మడిచి టీవీ కింద పెట్టాడు.